నడుమ జాగా

గద్వాలలో కళావతి గుంటమగ్గంలో కాళ్లు దించుకుని చీర నడుమ భాగం నేస్తుంది. పక్కన కోడలు రజని అంచు దారం చుట్టిన నాడె అందిస్తుంది. నడుమ నేస్తానని కోడలు అడిగినప్పుడల్లా "ఇంకా చెయ్యి కుదరలే" అంటుంది. భోజనమయ్యాక కళ్లజోడును కొంగుతో తుడుచుకుని, వక్క నములుతూ, పాత ఇథియోపియా నవల తెలుగు అనువాదం తీస్తుంది. అందులో ఒక అత్త, ఒలకబోస్తావంటూ కోడలిని కాఫీ పోయనివ్వదు. తను కొత్త కోడలిగా ఉన్నప్పుడు చదివి, కళావతి ఆ అత్తను నోరారా తిట్టింది.

ఈసారి అక్కడే ఆగింది. "కాఫీ ఒలుకుతదని కాదే రజనీ. కోడలే పోస్తే ఇగ తనకు పనేముంటదని ముసల్దానికి భయం. పాపం."

"పాపమా? గట్లయితే నాకు ఈ జన్మల నడుమ జాగ దొరకదు, అత్తమ్మా!" రజని నవ్వింది.

కళావతి పుస్తకం మూసింది. తనకూ నవ్వొచ్చింది. లేచి మగ్గం దగ్గరికి పోయి అంచు వైపు కూర్చుంది. "రా, కూసో. పోగు తెంపినవో, చూడు మల్ల."

రజని నేయసాగింది. అంచు పని అలవాటు తప్పిన కళావతి నాడె అందించడంలో వెనకపడుతూనే ఉంది.

"జర జల్దియ్యి అత్తమ్మా," అంది రజని, "నీ కోసం చీర ఆగుతదా?"