బైబిల్ కవర్‌లో మాత్రలు

మూడేళ్ల క్రితం పటమటలోని మా మందిరంలో మైకు పట్టుకుని, "ప్రార్థనతో నా షుగర్ పోయింది" అని సాక్ష్యం చెప్పాను. అందరూ హల్లెలూయా అంటుంటే పొంగిపోయాను. మాత్రలు మాత్రం చాటుగా వేసుకుంటూనే ఉన్నాను.

కొన్నాళ్లకు మా సంఘంలోని మార్తమ్మగారికి పుండు ముదిరి కాలివేలు తీసేశారు. ఆస్పత్రికి వెళ్లాను.

"నీ సాక్ష్యం విని నేనూ షుగర్ మందులు మానేశాను తమ్ముడూ. నాకే విశ్వాసం చాల్లేదు" అన్నారావిడ.

ప్రార్థన చేద్దామని బైబిల్ కవర్ జిప్పు తీస్తే, నా మాత్రల షీటు ఆవిడ దుప్పటి మీద పడింది. తిప్పి చూశారు.

"నేను మానేసినవి ఇవేగా!"

ఆ ఆదివారమే అదే మైకులో నిజం చెప్పాను. స్వస్థపరిచేది దేవుడేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆయన పేరున అబద్ధమాడింది నేను. మార్తమ్మగారు ఇప్పుడు కుంటుతూ వచ్చి, గుమ్మంలోనే నన్ను ఆపి అడుగుతారు: "మాత్ర వేసుకున్నావా తమ్ముడూ?"