నురగ రాని ట్యాంకు

లేవి వచ్చేది మొదట వాసనతోనే తెలుస్తుంది. కోసిగి దగ్గర ఆ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా అతను వీపున ట్యాంకు తగిలించుకొని అందరి చేలకూ మందు కొడుతున్నాడు. ఆ వాసన ఉతికినా చొక్కాను వదలదు, చొక్కా విప్పినా ఒంటిని వదలదు. హోటల్లో అతని టీ గ్లాసు బయటి అరుగు మీదికే వస్తుంది. బస్సు ఎంత కిక్కిరిసినా అతని పక్క సీటు ఖాళీ. భార్య గంగక్క ఉన్నన్నాళ్లూ "ఫస్టు నీళ్లు పోసుకోని రాపో" అని తిట్టేందుకైనా ఇంట్లో ఒక మనిషి ఉండేది. ఆమె పోయి నాలుగేళ్లయింది.

మందు కొట్టేవాణ్ని రైతులు ఒక పట్టాన నమ్మరు. సగం పోసి సగం దాచుకుంటాడని అనుమానం. అందుకని గట్టు మీద నిలబడి ట్యాంకునే చూస్తుంటారు. చూసేది నురగను. మందులో రెండు షాంపూ ప్యాకెట్లు చించి పోయించి కట్టెతో కలిపిస్తారు. మూతి దాకా నురగ పొంగితే మందు పడ్డట్టు, పొంగకపోతే దొంగతనం జరిగినట్టు. షాంపూ కలిస్తే మందు ఆకుకు అతుక్కుంటుందని లేవి కూడా ఇన్నేళ్లూ నమ్మాడు.

ఈసారి వరమ్మ అనే రైతు ఎకరన్నర ఉల్లికి ఆకు రసం పీల్చే తామర పురుగు పట్టింది. లేవి రెండుసార్లు కొట్టాడు. నురగ రెండుసార్లూ బ్రహ్మాండంగా వచ్చింది. పురుగు మాత్రం పోలేదు. ఆకుల మీద తెల్లటి చారలు లేచాయి, కొసలు ఎండాయి.

"ఇంగొక్కసారి సూస్తా లేవీ. ఈసారీ పోకుంటే సేను గొర్రెలకు ఇడిసేస్తా. నిన్ను మళ్లీ పిలిసేదీ లేదు" అంది వరమ్మ.

ఊళ్లో తక్కినవాళ్లంతా డ్రోను పిలిపించుకుంటున్నారు. లేవిని ఇంకా పిలిచేది వరమ్మ ఒక్కతే. ఆమె కూడా మానుకుంటే అతనితో మాట్లాడే పని ఊళ్లో ఎవరికీ ఉండదు.

మర్నాడు రైతు సేవా కేంద్రానికి పోయాడు. అక్కడి వ్యవసాయ సహాయకురాలు సుజన అంతా విని, ఒక ఉల్లి మొక్క తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని ఆకు మీద షాంపూ నీళ్లు ఒక చుక్క వేసింది. చుక్క కాస్త అణిగింది గానీ పరుచుకోలేదు. ఆకు వంచగానే జారిపోయింది. చిన్న సీసాలోంచి ఆకును తడిపే ఇంకో మందు నీళ్లలో కలిపి చుక్క వేసింది. అది ఆకంతా పల్చగా పాకి, ఆకుల మొదట్లోని సందులోకి దిగిపోయింది.

"పురుగు ఉండేది ఆ సందులోనే అన్నా. ఉల్లాకుకు మైనం పూత ఉంటాది, నీళ్లను నిలవనీదు" అంటూ ఆమె అగ్గిపుల్లలు బల్ల మీద వరసగా పేర్చింది. "షాంపూలో ఉండేటివి ఇట్లాంటివనుకో. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు నూనె, మైనం అంటే ఇష్టం. తోక పొడుగ్గా, తిన్నగా ఉంటాది. అందుకే పక్కపక్కన బిగుసుకోని బుడగ సుట్టూ గోడ కడతాయి. నురగంటే అదే. మనం నెత్తికి రుద్దుకుంటే ఆ తోకలు నూనెలోకి గుచ్చుకోని జిడ్డును ఎత్తుకపోతాయి. జిడ్డు వదిలేదానికి అవి మంచివే."

"మరి ఈ సీసాలోటివో?"

ఆమె బయటికి పోయి ఒక పంగల పుల్ల తుంచుకొచ్చింది. "వీటి తోక పొట్టి, చీలి ఉంటాది. పంగల పుల్లలు పక్కపక్కన బిగించి పేర్చలేవు గదా? గోడ నిలవదు, నురగ నిలవదు. కానీ ఆకు మీద నీళ్లు పారే జాగాకు ఇవి బిరబిరా చేరుకుంటాయి."

"అంటే పని చేసేటోడు వేరే, అరిచేటోడు వేరే అంటావు."

సుజన నవ్వి సీసా అతని చేతిలో పెట్టింది. "లీటరుకు అర మిల్లీ చాలు. ఎక్కువైతే జారిపోయి మందంతా నేలపాలు."

తెల్లారి ట్యాంకు కలుపుతుంటే గట్టు మీంచి అరుపు వినపడింది.

"ఏమప్పా, నురగ యాడ?"

"రాదు వరమ్మక్కా. ఇది వేరే మందు."

"మందు పోస్తే నురగ రాకుండా ఉంటాదా? ఇన్నేండ్లు నమ్మితే ఈ పొద్దా నువ్వు ఇట్ల చేసేది?"

లేవి జేబులో షాంపూ ప్యాకెట్టు ఉంది. చించి పోస్తే ఆమె నోరు మూతపడుతుంది. చేతిని జేబు దాకా పోనిచ్చి, వెనక్కి తీసుకున్నాడు. పురుగుమందు కలపని నీళ్లలో సీసాలోది రెండు చుక్కలు వేసి, ఒక ఆకు మీద చల్లి పిలిచాడు.

"వచ్చి సూడక్కా, ఎట్ల తడిసిందో."

"నాకు కండ్లు అంత ఆనవు. నురగైతే గట్టు మీదికే కనపడ్తాది."

లేవి ఆకును వదిలేసి చేను నడిమికి చెయ్యి చూపించాడు. "సగం సేను నీ పద్ధతి, సగం నాది. మందు రెండిట్లో ఒకటే, నీ చేత్తోనే కొలిసి పొయ్యి. నా సగం పోతే నా మొగం సూడొద్దు."

వరమ్మ చెప్పులు గట్టు మీద విడిచి దిగింది. మూతతో మందు తనే కొలిచి పోసింది. ఒక పక్క షాంపూతో, ఇంకో పక్క షాంపూ బదులు సీసాలోదానితో అతను కొట్టాడు. ఆమె సాయంత్రం దాకా కదల్లేదు.

ఆరో రోజు ఫోన్ చేసింది. ఆమె సగంలో చారలు అట్లే ఉన్నాయి. అతని సగంలో కొత్త ఆకులు పచ్చగా లేచాయి. మనవరాలితో సందులు విప్పించి వెతికించిందట, పురుగు లేదట.

"నా సగానికి కూడా అదే కొట్టు లేవీ."

"సరే. ఎన్ని గంటలకొస్తావక్కా?"

"నేనెందుకప్పా? నాకు శానా పని ఉండాది. నువ్వుండావు గదా."

మర్నాడు లేవి ఎండెక్కకముందే చేలో దిగాడు. మందు కొలిచి, సీసాలోది కొలిచి, కట్టెతో కలిపాడు. ఎవరికైనా చూపించాలన్నట్టు ట్యాంకును గట్టు వైపు వంచాడు. గట్టు మీద ఎవరూ లేరు. ఎవరి కాపలా లేకుండా ఒక్కరోజైనా మందు కొట్టాలని ఇన్నేళ్లూ కోరుకున్నాడు. తీరా ఆ రోజు వచ్చాక, ఆ చేలో అతనికి మాట్లాడేందుకు మనిషి లేకుండా పోయింది.

మొదటి మడికి కొట్టి, ఆగి ఒక ఆకును వేళ్లతో పట్టుకున్నాడు. తడి పల్చగా పాకి సందులోకి పోతోంది.

"దిగింది" అన్నాడు పైకే. తర్వాత రెండో మడికి నడిచాడు.