తిరగలి చప్పుడని రాసిన పిల్ల

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా పక్క క్వార్టర్ పెద్దమ్మ. మా చెల్లి చదివే నర్సింగ్ స్కూలు హాస్టల్లో వంట చేసేది. పొయ్యిమీద పప్పు వదిలేసి పట్టపగలు పరుగున వచ్చేసరికి చేతిలో చేట పక్కన పెట్టేశాను.

"నీ చెల్లి గుండెలో ఏదో చప్పుడు ఉందంటమ్మా. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. చెప్పులేసుకో, చల్" అంది.

నమ్మలేదు నేను. కాకినాడ వైపు నుంచి నాన్న రైల్వే ఉద్యోగానికి రాయ్‌పూర్ వచ్చిన కొన్నాళ్లకే అమ్మ పోయింది. చెల్లికప్పుడు నాలుగేళ్లు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు, నాన్న పక్కన కూర్చుని బైబిలు కూడబలుక్కోవడమే నా చదువు. ఆ పిల్లకి నీళ్లు పోసిందీ జడ వేసిందీ ఈ చేతులే. ఆ ఒంట్లో నాకు తెలియనిది ఏముంటుంది?

ఏం జరిగిందో తర్వాత చెల్లే చెప్పింది. ఆవేళ వాళ్లకి ప్రాక్టికల్. ఇద్దరిద్దరు ఒక జత. ఒకళ్లు మంచమ్మీద పడుకుంటే రెండోవాళ్లు తల నుంచి పాదాల దాకా పరీక్ష చేసి, కనిపించిందీ వినిపించిందీ కాగితమ్మీద పెట్టాలి. అయితే ఆ హాస్టల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. పై క్లాసు వాళ్ల ఫైలు ఒకటి ఏటేటా చేతులు మారుతుండేది. కళ్లు మామూలు, ఊపిరితిత్తులు మామూలు, గుండె చప్పుళ్లు మామూలు అని ముందురోజే ఇంగ్లీషులో ఎక్కించేసుకుని, మర్నాడు పాఠం చెప్పే సిస్టర్ చూస్తుండగా గుండెమీద స్టెతస్కోపు గొట్టం ఊరికే ఆనించడం. మా చెల్లీ అంతే.

చెల్లికి జతపడ్డది రాయ్‌పూర్ పక్కన మందిర్ హసౌద్ అవతల పల్లెటూరి పిల్ల. వాళ్ల ఛత్తీస్‌గఢీ తప్ప రాదు, హిందీయే తడబడుతూ మాట్లాడేదట, ఇంక ఇంగ్లీషెక్కడ. పాపం అని చెల్లే ఆ ఫైలు ఆమె ముందు పెట్టింది. "ఇది చూసి ఎక్కించెయ్. నా గుండెకేం, గుండ్రాయిలా ఉంది" అని కూడా అందట.

ఆ పిల్ల రెండు లైన్లు ఎక్కించేసరికే ఏ లైన్లో ఉందో తెలియక వదిలేసింది. మర్నాడు నిజంగానే విన్నది, చాలాసేపు విన్నది. హిందీలో ఒక్క మాట రాసింది: గుండె కొట్టుకున్న ప్రతిసారీ వెనకాల ఎక్కడో దూరంగా తిరగలి తిప్పుతున్నట్టుంది అని.

సిస్టర్ దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించింది. గుండె చూడమంటే పిండి విసురుకొచ్చావా అందట. అందరూ నవ్వారు. పడుకున్న మా చెల్లి అందరికంటే ఎక్కువ నవ్విందట. ఆ పిల్ల మాత్రం తల దించలేదు.

"మీరొకసారి వినండి, సిస్టర్‌జీ."

సిస్టర్ విసుగ్గానే గొట్టం అందుకుంది. చెల్లిని ఎడమపక్కకి తిప్పి మళ్లీ విన్నది. మూడోసారి విన్నాక గొట్టం మెడలో వేసుకుని, డాక్టరమ్మకి కబురు చెయ్యమందట. 

నేను వెళ్లేసరికి డాక్టరమ్మ నాకోసమే చూస్తోంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు వాచాయా అని అడిగింది. వాచాయి. తొమ్మిదో ఏట ఒకరోజు మోకాలు, ఇంకోరోజు మోచెయ్యి. ఎదిగే పిల్ల నొప్పులనుకున్నాను. ఆముదం రాసి, వేడి గుడ్డ కట్టి, ప్రార్థన చేశాను. తగ్గింది. ఆ ఆదివారం చర్చిలో నిలబడి దేవుడే తగ్గించాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పాను.

"తగ్గలేదమ్మా. కీళ్లు వదిలి గుండెకి పోయింది" అంది డాక్టరమ్మ. కవాటం ఇరుకైపోయిందట. పెళ్లై కడుపున బిడ్డ పడే దాకా తెలియకపోయి ఉంటే ఇద్దరూ దక్కడం కష్టమయ్యేదట.

ఏ మేలుకని స్తోత్రం చెప్పానో అది మేలే కాదు. పదేళ్లు ఆ జబ్బు నా పక్కన పడుకుంది, నా చేతి అన్నం తిన్నది. మెట్లెక్కుతూ పిల్ల ఆయాసపడితే బద్ధకమని తిట్టాను కూడా. చాలా రోజులు ప్రార్థనకి మోకరించి, మధ్యలోనే లేచిపోయేదాన్ని.

మద్రాసు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. ఆ ఇరుకు వెడల్పు చేశారు. బతికింది. ఏడాది తర్వాత మళ్లీ క్లాసులో చేరింది, ఈ ఇరవై ఏళ్లుగా నర్సు పని చేస్తూనే ఉంది. ఇప్పుడు ఏ ఫైలూ చూసి రాయదు.

కానీ తను తిరిగి చేరేసరికి హాస్టల్లో ఆ పిల్ల మంచం ఖాళీ. ఇంగ్లీషులో రాయలేక పరీక్ష పోయి, ఇంటికి పంపేశారట. మా చెల్లిని బతికించిన ఆ కాగితానికీ మార్కులు పడలేదు, సరైన మాటల్లో లేదని.

ఇద్దరం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాం. ఇంటికి తాళం. ఇటుకల పనికి ఇంటిల్లిపాదీ ఎటో పోయారన్నారు, ఎటో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాం. అదే తాళం.

దేవుడికి రోజుకి పదిసార్లు స్తోత్రం అనేదాన్ని నేను, కృతజ్ఞత చెప్పాల్సిన మనిషికే చెప్పలేకపోయాను. ఇది చదివినవాళ్లు, మీరు ఏ దేవుణ్ణి తలుచుకునే వాళ్లైనా సరే, ఒక్కసారి ఆ పిల్లని తలుచుకోండి. అందరూ మామూలే అని రాస్తున్న గదిలో, తనకి వినిపించిందే రాసింది.