మొక్కు అని చెప్పిన జబ్బు

తేడా మొదట కనిపించింది ఊడ్పుల నాడు. కూలీలకు అంబలి పట్టుకుని చేనికి వెళ్ళేసరికి మా మరిది సూరన్న మోకాలి లోతు బురదలో వంగి ఉన్నాడు. ఆడవాళ్ళు అప్పుడే నాటిన నారు పీకి, ఆకులు బురదలోకి, వేళ్ళు పైకి పెట్టి మళ్ళీ గుచ్చుతున్నాడు. అప్పటికే రెండు వరసలు అలా అయ్యాయి.

"ఏంటిరా ఆ పని?" అన్నాను.

"వేళ్ళకి ఊపిరాడట్లేదొదినా," అన్నాడు.

కూలీలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. పేట నుంచి వచ్చే నీలమ్మ ఒక్కతే నవ్వలేదు. "అబ్బాయిగారి కళ్ళు బాగాలేవమ్మగారూ," అంది. ఆ మాట నేను లెక్కచేయలేదు.

నేను కాపురానికి వచ్చేటప్పటికి సూరన్నకు ఐదేళ్ళు. మా అత్తగారు అప్పటికే పోయారు. నాకు పిల్లలు కలగలేదు. అన్నం కలిపి నోట్లో పెట్టింది వాడికే, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకు కూర్చున్నది వాణ్ణే. ఊడ్పుల నాటికి వాడికి ఇరవై ఏళ్ళు.

కొన్నాళ్ళు కాలవ తనను పేరు పెట్టి పిలుస్తోందన్నాడు. కార్తీకం వచ్చేసరికి అసలు మాటే మానేశాడు. నిద్ర లేదు. తల మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు, జుట్టు జడలు కట్టింది. వైద్యం చేసే ఆచారిగారు తలకు నూనెలు పెట్టించారు. భూతవైద్యుడు మిరపకాయల పొగ వేశాడు. ఆ పొగకు మా కళ్ళు మండాయే గాని వాడిలో మార్పు లేదు.

అప్పటికే మండపేట దగ్గర ఒక పిల్లను వాడికి అనుకుని ఉన్నాం. పిల్ల తండ్రి ఒకనాడు చెప్పకుండా వచ్చేశాడు. అరుగు మీద సూరన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "పలకరిస్తే పలకడేంటండి అబ్బాయి? ఆ జుట్టేంటి?" అన్నాడాయన.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది చక్కగా అతికింది. "అన్నవరం సత్యదేవుడికి మొక్కండి. తీరేదాకా జుట్టు తియ్యకూడదు, మాటాడకూడదు," అన్నాను. "ఈ వయసులో ఎంత నిష్ఠండి!" అని ఆయన మురిసిపోయి వెళ్ళాడు. మర్నాటికి ఊరంతా అదే మాట. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

మొక్కంటూ ఉంటే తీర్చాలి కదా. "ఎప్పుడు తీరుస్తారండి?" అని నూతి దగ్గర అడిగేవారు, రేవులో అడిగేవారు. మాఘం దాటితే మూఢం, ముహూర్తాలు లేవని పెళ్ళివారి కబురు. ఇక లాభం లేదని మా ఆయన ఒక ఉదయం బండి కట్టించారు. కొండకు తీసుకుపోయి తలనీలాలు ఇప్పించేస్తే మొక్కు మాట తీరిపోతుందని, స్వామి దయుంటే గుణం కూడా చిక్కుతుందని ఆయన ఆశ. "రారా తమ్ముడూ, బండెక్కు," అంటూ ఆ జడల మీద చెయ్యి వేశారు. కట్టెలు కొట్టే గొడ్డలి అరుగు పక్కనే ఉంది. నేను నీళ్ళ చెంబుతో బయటికి వచ్చేసరికి ఆయన పడి ఉన్నారు. సూరన్న బండెక్కి కూర్చున్నాడు.

ఇంతకంటే ఆ ఉదయం గురించి నేను రాయలేను.

రాజమండ్రిలో వాణ్ణి జైల్లో పెట్టారు. పది రోజులకు సివిల్ సర్జన్ దొర వచ్చి చూశాడు. ఆయన మాట కాంపౌండరు నాకు తెలుగులో చెప్పాడు. "ఇతనికి మేనియా అమ్మా. ట్రయల్‌కి అన్‌ఫిట్. నయమయ్యేదాకా విచారణ ఉండదు." అక్కణ్ణించి విశాఖపట్నం పిచ్చాసుపత్రికి పంపారు.

ఏడాది దాటాక రైలెక్కి చూడబోయాను. జుట్టు తీసేశారు. పాదులకు నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి "ఒదినా" అన్నాడు. ఏడాదిన్నర తరవాత విన్న ఆ మాటకు నేను అక్కడే కూలబడి ఏడ్చాను. డాక్టరుగారు నవ్వుతూ, "ఇంప్రూవ్‌మెంట్ బాగుంది. ఇంకొన్నాళ్ళలో ఫిట్ అని రాసేస్తాం," అన్నారు.

"రాసేస్తే ఇంటికి పంపుతారాండి?"

ఆయన నవ్వు ఆగింది. "ఇంటికి కాదమ్మా. కోర్టుకి. హత్య కేసు కదా."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. మావాడికి కుదిరితే మెడకు తాడు చుడతారు. తిరుగు ప్రయాణంలో తునిలో రైలు ఆగినప్పుడు నేను కళ్ళు మూసుకుని అన్నవరం స్వామికి మొక్కుకున్నాను, ఈసారి నిజంగానే. నా బిడ్డకు నయం కాకూడదని మొక్కాను. ఆ చలికాలం వాడికి రిలాప్స్ వచ్చిందని, జబ్బు తిరగబెట్టి అన్నం ముట్టడం లేదని ఉత్తరం వస్తే సంతోషించాను కూడా. ఆ పాపం ఎక్కడ కడుక్కోవాలో నాకు తెలియదు.

మళ్ళీ కోలుకున్నాడు. కోర్టుకు తెచ్చారు. ఇప్పుడు బాగున్నాడన్నది అందరికీ కనిపిస్తూనే ఉంది. నరికిన నాడు మతి ఉందా లేదా అన్నదే విచారణ. "నేను చూసింది పది రోజుల తరవాత. ఆ ఉదయం సంగతి చెప్పలేను," అన్నాడు సర్జన్ దొర. ఊరివాళ్ళు ఒకరి తరవాత ఒకరు, "మొక్కులో ఉన్నాడండి, పిచ్చేం కాదండి," అని చెప్పారు. పిల్ల తండ్రి కూడా దేవుడి మీద ప్రమాణం చేసి, "వాళ్ళొదినగారే చెప్పారండి," అన్నాడు. ఒక్కరూ అబద్ధమాడలేదు. ఆడిందల్లా నేనే. అన్ని నెలలు మౌనం పట్టినవాడి మనసు ఎంత గట్టిదో చూడండని సర్కారు వకీలు జడ్జి దొరకు విన్నవించాడు.

నన్ను బోనెక్కించి భర్త పేరు చెప్పమన్నారు. అంత కాపురంలో నేను నోటితో అనని పేరు అది. వీర్రాజు అని అప్పుడన్నాను, ఆయన పోయాక.

"మొక్కు అబద్ధమండి. పెళ్ళి చెడిపోతుందని నేనే కల్పించాను," అన్నాను.

"అప్పుడాడావా అబద్ధం, ఇప్పుడాడుతున్నావా?" అన్నాడు సర్కారు వకీలు.

ఊడ్పుల నాటి రెండు వరసలు అప్పుడు గుర్తుకొచ్చాయి. నీలమ్మను పిలిపించండని మా వకీలును బతిమాలాను. మర్నాడు ఆమె బైబిలు మీద చెయ్యేసి, చూసింది చూసినట్టు చెప్పింది. సర్కారు వకీలు అదీ మొక్కే అయ్యుండొచ్చన్నాడు. నీలమ్మకు ఒళ్ళు మండింది.

"మా వేదం వేరండి, మీ మొక్కులు నాకు తెలవ్వు. తిండి పెట్టే నారుని ఏ దేవుడు తలకిందులుగా నాటమంటాడండి?"

జడ్జి దొర ఆ మాటను ఇంగ్లీషులోకి తిప్పి చెప్పించుకుని, చాలాసేపు రాసుకున్నాడు.

తీర్పులో చేసింది వాడేనన్నారు, మతి లేక చేశాడు కాబట్టి నేరం లేదన్నారు. అయినా వదలరు. సర్కారువారు ఉత్తరువిచ్చేదాకా పిచ్చాసుపత్రిలోనే ఉండాలి. ఎన్నాళ్ళని అడిగితే దానికి లెక్క లేదన్నారు. నేను ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాను.

మొన్న మళ్ళీ వెళ్ళాను. ఇద్దరం వేపచెట్టు కింద కూర్చున్నాం. వాడు నెమ్మదిగా అన్నాడు, "అన్నయ్య మొక్కు మధ్యలో ఆపించబోయాడని స్వామికి కోపమొచ్చిందొదినా. అందుకే నాచేత అలా చేయించాడు." ఇన్నేళ్ళూ వాడు దాన్ని పట్టుకునే బతుకుతున్నాడు. ఊరికి చెప్పిన నా అబద్ధం వాడి చెవినా పడింది, గోడవైపు తిరిగి కూర్చున్నా విన్నాడు.

కోర్టులో నిజం చెప్పిన నోరు వాడి దగ్గర ఎలా మూసుకోను? "మొక్కేం లేదురా నాన్నా. అది జబ్బు. నేనే దాచాను," అన్నాను.

"అయితే అన్నయ్యని ఊరికేనే చంపానా?" అన్నాడు.

ఈ రాత చదివేవారిలో ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటివారు ఎవరైనా ఉంటే, మీకు నేను చెప్పేది ఒక్కటే. తేడా కనిపించిన నాడే దాన్ని జబ్బనండి. డాక్టరుతో, కరణంతో, ఇరుగుపొరుగుతో అనండి. తిథి వేసి, చూసినవాళ్ళ పేర్లతో రాసి ఉంచండి. ముందుగా ఆ బిడ్డతోనే అనండి, వినడని అనుకోకండి.