తవుడు కూరిన మనిషి

మండవల్లిలో తవుడు కొట్టు సుబ్బరామయ్యగారు సినిమాకి శవాన్ని తయారుచేస్తున్నారంటే ముందు ఎవరూ నమ్మలేదు. ఆయన ఎవరికీ ఊరికే చెయ్యి విదిలించే మనిషి కారు. పైగా సినిమా అంటే ఆయన లెక్కలో కరెంటు దండగ. చుట్టుపక్కల చేపల చెరువులన్నిటికీ తవుడు ఆయన కొట్టునుంచే వెళుతుంది గాని, ఆయన మాత్రం ఏ చెరువు గట్టూ ఎక్కి ఎరగరు. లారీని పంపించి తాను కొట్లోనే కూర్చుంటారు. ఆ సంగతి మీద ఊళ్ళో ఎవరూ పరాచికాలాడరు.

ఎందుకంటే నలభై ఏళ్ళ కిందట, ఒక మాఘమాసపు పొద్దున, ఆయన తమ్ముడు బుచ్చయ్య కొల్లేట్లో పోయాడు. దోనె తిరగబడి మీద పడింది, గుర్రపుడెక్క కాళ్ళకి చుట్టుకుంది. గట్టు మీదున్న అన్నకేసి రెండుసార్లు చెయ్యెత్తాడు. సుబ్బరామయ్యగారికి ఈత రాదు. గొంతు చించుకుని అరిచారు. జనం వచ్చేసరికి అంతా అయిపోయింది. "ఈత రానివాడు ఏం చేస్తాడండీ, దూకితే ఇద్దరూ పోదురు" అన్నారు అందరూ. ఆ ఒక్క మాట పట్టుకునే ఆయన నలభై ఏళ్ళు అన్నం తిన్నారు, నిద్రపోయారు. ఏటా మాఘంలో తద్దినం పెడతారు. ఆ రోజు అక్కడ నీళ్ళు ఎంత లోతున్నాయో మాత్రం ఏనాడూ ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు మనవరాలు హిమజ, ఏలూరులో కాలేజీ చదువుతున్న పిల్ల, ఫోన్‌తో తీసే చిన్న సినిమాకి చెరువులో తేలే శవం కావాలని వచ్చి కూర్చుంది.

"అద్దెకి తెచ్చుకునేంత డబ్బు మా దగ్గర లేదండీ తాతయ్యా. మీ దగ్గర ఖాళీ సంచులున్నాయి కదా, ఒక మనిషిని కుట్టిపెట్టరూ?"

ఆయన భార్య ఇందిరమ్మగారు గుడ్లురిమి మనవరాల్ని లోపలికి లాక్కుపోబోయారు. సుబ్బరామయ్యగారు మాత్రం, "బోర్లా తేలాలా, వెల్లకిలానా?" అని అడిగారు. ఇందిరమ్మగారు నడుస్తున్నచోటే ఆగిపోయారు.

"బోర్లా అండీ."

"అయితే మొహం అక్కర్లేదు. కుడతాను. చెరువు దగ్గరికి మాత్రం నన్ను రమ్మనకు."

చెరువులవాళ్ళు వాడి పారేసిన చిల్లుల సంచులతో ఒళ్ళు కుట్టారు. చేపల పెట్టె థర్మోకోల్ చెక్కి తల చేసి, ఇందిరమ్మగారి పాత సవరం విప్పి దానికి అంటించారు. చేతులకి రబ్బరు గ్లౌజులు. ముందు ఊక కూరితే పెరటి తొట్టిలో బంతిలా పైకి తేలింది. ఇసుక పోస్తే అడుక్కి పోయింది. చివరికి సగం ఊక, సగం తవుడు దట్టించారు. అది నాని, సగం మునిగి, అచ్చం మనిషిలా తేలింది. చిల్లుల్ని చొక్కా కప్పేస్తుందిలే అనుకున్నారు. అలాంటి చిల్లుల సంచుల్లోనే తవుడు పోసి, చేపలు వచ్చి తినేలా చెరువులో గెడలకి కడతారు. ముప్పై ఏళ్ళుగా ఆ తవుడు అమ్ముతున్న మనిషికి ఆ సంగతి బుర్రకి తట్టకపోవడం ఏమిటో మరి!

చొక్కా విషయంలో అందర్నీ మరీ విస్తుపోయేలా చేశారు. ఇంట్లో పాత చొక్కాలు బోలెడుండగా బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, నాలుగు కొట్లు తిరిగి, నీలం గీతల గుడ్డ తెచ్చి కుట్టించారు. వెలిసినట్టు కనబడాలని దాన్ని బండ మీద వేసి బాదారు.

"ఆ గీతలేవిటండీ?" అన్నారు ఇందిరమ్మగారు. గోడ మీద బుచ్చయ్య ఫొటోలో చొక్కాకీ గీతలే ఉన్నాయి. ఫొటో నలుపూ తెలుపూ. ఆ గీతలు నీలమని ఆ ఇంట్లో ఆయనొక్కరికే తెలుసు. ఆయన చొక్కాని తిరగేసి మళ్ళీ బాదారు.

షూటింగు వెంకట్రాజు అనే రైతు చెరువులో. నీళ్ళు కదలకూడదని హిమజ అడిగితే, అతను ఆ పొద్దున చేపలకి మేత కూడా కట్టించలేదు. తీరా ఆటోలోంచి దింపేటప్పుడు బొమ్మ భుజం దగ్గర కుట్టు ఊడింది. ఫోన్ చేస్తే సుబ్బరామయ్యగారు విసుక్కుంటూ దబ్బనం పట్టుకుని వచ్చారు. నీళ్ళకి వీపు పెట్టి కూర్చుని కుట్టేశారు. వెళ్ళిపోదామని లేచారు గాని, ఎందుకో వెళ్ళలేదు.

వెంకట్రాజు బొమ్మని దోనెలో తీసుకెళ్ళి నీళ్ళలో వదిలి పక్కకి తప్పుకున్నాడు. హిమజ స్నేహితురాలు షారోన్ ఫోన్ ఎత్తి పట్టుకుంది. నీలం గీతల వీపు తేలుతోంది.

ఒక్క నిమిషం. ఆ వీపు వణికింది. తర్వాత ఒళ్ళంతా అటూ ఇటూ పొర్లింది. ఆకలి మీదున్న బొచ్చె చేపలూ శీలావతులూ వందలకొద్దీ తవుడు వాసనకి ఎగబడ్డాయి. షారోన్ కెవ్వుమంది. ఆ కుమ్ములాటలో బొమ్మ పక్కకి తిరిగి, ఒక చెయ్యి నీళ్ళలోంచి నిలువుగా పైకి లేచింది. మునిగింది. మళ్ళీ లేచింది.

"బుచ్చీ!"

ఆ కేక ఎవరిదో తెలిసేలోగా సుబ్బరామయ్యగారు నీళ్ళలో ఉన్నారు. అరవై దాటిన మనిషి, ఈత రాని మనిషి, కట్టుకున్న పంచెతో దూకేశారు. బుడుంగున మునిగారు. "తాతయ్యా!" అంటూ హిమజ గట్టు దిగబోతుండగానే ఆయన లేచారు.

లేచి నిలబడ్డారు. నీళ్ళు గుండెల దాకా ఉన్నాయి.

అలాగే నడుచుకుంటూ బొమ్మ దగ్గరికి వెళ్ళారు. తవుడు కారిపోతున్న ఆ బొమ్మని రెండు చేతులా అదుముకున్నారు. చేపలు డొక్కల్లో పొడుస్తున్నా కదలకుండా తన గుండెలకి తగులుతున్న నీళ్ళకేసే చూస్తున్నారు.

వెంకట్రాజు దోనె దగ్గరికి తెచ్చాడు. "ఎంత పని చేశారండీ! భయపడకండి, మా చెరువులో ఎక్కడా నిలువు లోతు లేదండి. మా చెరువేవిటి, వానలు పోయాక కొల్లేట్లో మాత్రం నిలువు లోతెక్కడుందండీ?"

పాపం, అతను ధైర్యం చెప్పడానికే అన్నాడు.

"మా తమ్ముడు పోయింది మాఘమాసంలోనండి" అన్నారు సుబ్బరామయ్యగారు.

వెంకట్రాజు చేతిలో గెడ ఆగిపోయింది. హిమజ నీళ్ళలోకి దిగి, తాతగారి చెయ్యి పట్టుకుని గట్టుకి రమ్మంది. ఆయన రాలేదు. అరచెయ్యి నీళ్ళ మీద ఆనించి మనవరాలికి చూపించారు.

"ఇంతే లోతమ్మా. నడిచి వెళ్ళినా సరిపోయేది."