చీరగుడ్డలో సీసా

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నేనూ ఆయన పక్క మగ్గంలోనే. పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రినైనా నాకు బుద్ధి మాత్రం రాలేదని ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

ఒక ఏడాది, అన్నం తినగానే నాయన మగ్గం గుంటలోకి దిగి ముందుకు వంగిపోయేవాడు. "ఏం నాయనా, తిన్నది అరిగేదాకన్నా ఆగవా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. వంగితే కడుపునొప్పి తగ్గుతోందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నొప్పి ఎక్కువై అనంతపురం తీసుకెళ్తే, వంగితే నొప్పి తగ్గుతోందా అని డాక్టరు మాత్రం మొదటే అడిగాడు. మలం జిడ్డుగా పోతోందా అని కూడా అడిగాడు. నాయన రెండింటికీ తలూపాడు. "క్లోమం కొద్దిగా దెబ్బతిని ఉండొచ్చు. ఇప్పుడే తేలితే ముదరకుండా చూసుకోవచ్చు" అన్నాడు. మర్నాడు మలం సీసాలో పట్టి పరీక్షకు తెమ్మన్నాడు.

నాయన ఆ సీసాను మేము కొత్త చీరలు చుట్టే తెల్లగుడ్డలో మూటగట్టి ఇచ్చాడు. ఇంట్లో అంతకన్నా శుభ్రమైన గుడ్డ లేదు.

బస్సులో మా చీరలు కొనే షావుకారు వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. మూట చూడగానే చెయ్యి చాచాడు.

"ఏమప్పా, నాకు చూపించకుండా చీర యాడికి తీసకపోతాండావు?"

"ఇది వేరేవాళ్లదన్నా."

"చూస్తే అరిగిపోతాదా? ఇట్లియ్యి" అని మూట అంచు పట్టుకున్నాడు.

మందుసీసా అంటే సరిపోయేది. ఆ క్షణాన అది తోచలేదు. మూట లాక్కుని తర్వాతి స్టాపులో దిగి, సీసాను కాలవగట్టు కింద విసిరేశాను. దాంతో మళ్లీ బస్సెక్కాలంటే సిగ్గేసింది. గుడ్డ మాత్రం మడిచి ఇంటికి తెచ్చాను.

"ఏమీ లేదన్నారు నాయనా" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంకో సీసా అడగాలంటే అబద్ధమాడానని ఒప్పుకోవాలి. ఆ ధైర్యం రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ ఊరుకున్నాను.

మూడేళ్లకు నాయన చిక్కి సగమైపోయాడు. షుగరు కూడా వచ్చింది. ఈసారి చూసిన వేరే డాక్టరు, క్లోమం బాగా పాడైందని చెప్పి, "ముందే ఎందుకు పరీక్ష చేయించలేదు?" అని నన్ను కసిరాడు.

నాయన అడ్డొచ్చాడు. "మావోన్ని ఏమీ అనొద్దు సార్. అప్పుడే సీసా పట్టుకోని ఒక్కడే బస్సులో పోయినాడు. ఏ కొడుకు చేస్తాడు సార్ ఆ పని?"

ఆయన పోయేదాకా నేను ఆ మాట దిద్దలేదు.