స్వరూప గురించి నేను చెప్పిన మాట

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. నా భర్తకు చెప్పలేదు. ఎవరికి అన్యాయం చేశానో ఆమెకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రాయదుర్గంలో మా ఆఫీసులో స్వరూపది నా పక్క సీటు. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. పనిలో మా అందరికంటే చురుకు, కానీ ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే తల వంచుకునేది. నేనేమో విజయవాడలో కాన్వెంటు చదువు చదివినదాన్ని. నేర్పమని ఓరోజు తనే అడిగింది. రోజూ భోజనాలయ్యాక క్యాంటీన్‌లో ఓ మూల కూర్చునేవాళ్లం. తప్పు మాట్లాడితే తనే ముందు నవ్వేది. ఆ నవ్వు కోసం నేను పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని.

ఏడాది తిరిగేసరికి ఆమె మాట్లాడసాగింది. యాస ఉండేది, అక్కడక్కడ తడబాటూ ఉండేది. అయినా చెప్పదలచుకున్నది సూటిగా చెప్పేది.

అప్పుడే, అమెరికా క్లయింటుతో రోజూ మాట్లాడే బాధ్యత మాలో ఒకరికి ఇవ్వాల్సి వచ్చింది. మేనేజరు నన్ను పిలిచి, స్వరూపకి ఇద్దామనుకుంటున్నాను, నేర్పింది మీరే కదా, ఆమె ఇంగ్లీషు ఎలా ఉంది అని అడిగారు. బాగుంది అనాలి. ఆ ఒక్క మాట చాలు.

"ఇంకా కొంచెం టైం పడుతుందండి" అన్నాను.

ఎందుకన్నాను? ఆ పని నాకొస్తుందనా? వచ్చింది, నిజమే. కానీ ఎన్నిసార్లు తవ్వుకున్నా అడుగున మరొకటి కనబడుతుంది: ఆమెకు ఇంగ్లీషు వచ్చేస్తే ఇక నాతో కూర్చోదేమోనని, నేను అక్కరలేకుండా పోతానని, ఆమె ముందు గొప్పగా నిలబడటానికి ఆ భాష తప్ప నా దగ్గర ఇంకేముందని భయపడ్డాను. ఇష్టమైన మనిషిని తక్కువ చేసి దగ్గర ఉంచుకోవాలనుకున్నాను. దాన్ని ఇష్టమనే అంటారా?

ఇంగ్లీషు ఇంకా చాలదని మేనేజరు చెప్పి, ఆ పని నాకిచ్చాక స్వరూప పాఠానికి రాలేదు. "ఇగ నాకు రాదు లే అక్కా" అంది. మీటింగుల్లో మళ్లీ మౌనం. కొన్నాళ్లకు పెళ్లయి, ఉద్యోగం మారింది. నా మీద ప్రేమ మాత్రం మారలేదు.

మొన్న బాచుపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. కూతురికి మూడేళ్లు. ఆడుతూ గడప తట్టుకుని పడింది. మోకాలు గీసుకుపోయింది. స్వరూప ఎత్తుకుని, "నో క్రైయింగ్ బేబీ, నో క్రైయింగ్" అంది. ఇంకేదో అనబోయింది. మాట దొరకలేదు. అదే మాట మళ్లీ మళ్లీ అంటూ వీపు నిమిరింది.

"తెలుగులో ఊరుకోబెట్టొచ్చుగా స్వరూపా" అన్నాను.

"వద్దక్కా. ఇంట్ల ఇంగ్లీషే మాట్లాడాలని ఒట్టు పెట్టుకున్న. నువ్వు గంత మంచిగ నేర్పినా నా నోరు తిరగలే. నలుగుట్ల నోరు మూస్కొని కూసునుడు ఎట్లుంటదో నాకెరికే. నా బిడ్డకు గా బాధ రావద్దు."

"నీ తప్పేం లేదు" అన్నాను.

"నీదీ లేదు గదక్కా. నువ్వెందుకు పరేషాన్ అయితవు?" అని ఆమే నన్ను ఓదార్చింది.

నిజం నోటిదాకా వచ్చింది. టీ తాగి వచ్చేశాను.

చెబితే ఆమెను పోగొట్టుకుంటాను. చెప్పకపోతే ఆ పాప ఏడ్చినప్పుడల్లా వాళ్లమ్మ మాటల కోసం వెతుక్కుంటూనే ఉంటుంది. ఏది పెద్ద నష్టమో నాకు తెలుసు. అయినా ఇంకా ఫోను చేయలేదు. మీ ముందు మాత్రం ఇంతవరకూ రాయగలిగాను: స్వరూపకు అప్పటికే ఇంగ్లీషు వచ్చు. రాదని అబద్ధం చెప్పింది నేను.

రాశాక ఊపిరి, ఇన్నేళ్లకు, నిండుగా అందింది.